పదకొండో బెంచీ ఫుల్

జూన్ 12, గురువారం

బడి తెరిచారు. నా మూడో తరగతిలో ముప్పై అయిదు మంది ఉండాలి. అరవై ఎనిమిది మంది ఉన్నారు.

బి సెక్షన్ టీచరమ్మకు బదిలీ అయింది. ఆవిడ స్థానంలో ఎవరినీ వెయ్యలేదు. వేస్తారట, రెండు వారాలు ఓపిక పట్టమని హెడ్ మేడమ్ అన్నారు. అంతవరకు రెండు సెక్షన్లూ కలిపి నేనే చూసుకోవాలట. కాస్త సర్దుకుపోండమ్మా అన్నారు. ఆవిడ నోట ఆ మాట రాని రోజు లేదు.

ఆయమ్మా నేనూ కలిసి బెంచీలు మోశాం. పన్నెండు బెంచీల గదిలో పదిహేడు పట్టించాం. బోర్డుకూ మొదటి బెంచీకీ మధ్య నేను పక్కకి తిరిగి నడిచేంత చోటే మిగిలింది. వెనక గోడ వరకు వెళ్ళాలంటే ఇరవై మంది లేచి దారి ఇవ్వాలి. ఒకసారి వెళ్ళి వచ్చేసరికి పీరియడ్ సగం అయిపోయింది. ఇక వెళ్ళను.

బి సెక్షన్ పిల్లల్లో నా కూతురు కూడా ఉంది. తల్లి క్లాసులో పిల్ల ఉండకూడదని నేనే పట్టుబట్టి దాన్ని బి లో వేయించాను. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఇంట్లో దాని పేరు వాగుడుకాయ. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కూడా కబుర్లు చెబుతుంది. బడిలో మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది.

పొద్దున బస్సులో దానికి ఒక మాట గట్టిగా చెప్పాను. గేటు దాటాక నేను అమ్మను కాను, మేడమ్‌ని. అమ్మా అని పిలిస్తే పలకను. నీకు ఎక్కువా లేదు, తక్కువా లేదు, అందరితో పాటే. సరే మేడమ్ అని నవ్వింది.

 

జూన్ 16, సోమవారం

పేర్లు పిలిచి హాజరు వేసుకోవడానికి పొద్దున తొమ్మిది నిమిషాలు, మధ్యాహ్నం తొమ్మిది నిమిషాలు పడుతోంది. నలభయ్యో పేరు దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీల్లో యుద్ధాలు మొదలవుతున్నాయి.

కొత్త పద్ధతి పెట్టాను. బెంచీకి నలుగురు. నలుగురిలో ఒకరు లీడరు. నేను ఒకటి, రెండు, మూడు అని బెంచీ నంబరు పిలుస్తాను. లీడరు లేచి ఫుల్ మేడమ్ అనాలి. ఎవరైనా రాకపోతే వాళ్ళ పేరు చెప్పాలి. ఒక్క నిమిషంలో పని అయిపోతోంది. వారమంతా ఫుల్ అనిపించుకున్న బెంచీకి శుక్రవారం ఒక స్టార్ ఇస్తాను. స్టార్ వచ్చినవాళ్ళు ఇంటి గంట కొట్టగానే అందరికన్నా ముందు బయటికి వెళ్ళవచ్చు. దానికోసం పిల్లలు ప్రాణం పెట్టేస్తున్నారు.

హెడ్ మేడమ్ వచ్చి చూసి మెచ్చుకున్నారు. మిగతా క్లాసుల్లో కూడా ఇలాగే చెయ్యమని అందరికీ చెప్పారట. నాకు గర్వంగా ఉంది. అబద్ధం ఎందుకు, చాలా గర్వంగా ఉంది.

మా వాగుడుకాయ పదకొండో బెంచీ. దాని లీడరు కళ్ళజోడు పిల్ల, మా పక్క వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ కూతురు. పిల్ల చురుకైనది. నలుగురిలో ఎవరైనా ఆలస్యమైతే గుమ్మంలోకి వెళ్ళి తొంగి తొంగి చూస్తుంది.

జూన్ 24, మంగళవారం

మా ఆయన లిఫ్టులు రిపేరు చేస్తారు. అన్నం దగ్గర అడిగారు, మీ గది కొలత ఎంత, మనుషులెంత మంది అని. చెప్పాను. లిఫ్టులో ఎనిమిది మంది అని రాసి ఉంటే తొమ్మిదో మనిషి కాలు పెట్టగానే బజర్ మోగుతుంది, మీ గదికి బజర్ పెట్టించమంటావా అన్నారు. నవ్వాను. అత్తయ్య కూడా నవ్వారు. మా కోడలి నోరే బజరు కదరా అన్నారు ఆవిడ.

కాసేపాగి ఆయనే అన్నారు, లిఫ్టు నిండితే భయం లేదు, అది ఆగిపోతుంది అంతే, బజర్ పాడైన లిఫ్టుతోనే భయం అని. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

జూలై 1, మంగళవారం

రెండు వారాలు ఎప్పుడో దాటిపోయాయి. అడిగితే పైకి రాశానన్నారు హెడ్ మేడమ్. పైన ఎవరున్నారో, వాళ్ళకు కిందివాళ్ళు కనబడతారో లేదో. పైగా ఈ రోజు లైబ్రరీ బాధ్యత కూడా నాకే అప్పగించారు. తాను దూర సందు లేదు, మెడకో డోలు.

జూలై 3, గురువారం

ఈ రోజు ఒక పిల్లాణ్ణి ఏయ్ నువ్వు, పచ్చ సంచీ, అని పిలిచాను. పేరు గుర్తు రాలేదు.

జూలై 11, శుక్రవారం

వాగుడుకాయ లెక్కల నోట్సు మా ఆయన తెరిచారు. ఏదో కాగితం కోసం వెతుకుతూ తెరిచారు, తప్పు పట్టాలని కాదు. నన్ను పిలిచి చూపించారు.

పన్నెండు తీసివేతలు. అప్పు తెచ్చుకోవాల్సిన చోట అది పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది, పైనా కిందా చూసుకోలేదు. పన్నెండూ తప్పు. పన్నెండింటికీ ఎర్ర సిరాతో రైట్ మార్కులు ఉన్నాయి. కింద గుడ్ అని ఉంది. ఆ చేతిరాత నాది.

ఎప్పుడు దిద్దానో గుర్తు ఉంది. మంగళవారం లంచ్‌లో. అరవై ఎనిమిది నోట్సులు. దాని నోట్సు అన్నిటికన్నా కిందికి తోస్తాను ఎప్పుడూ, నా పిల్లదే ముందు దిద్దానని ఎవరూ అనుకోకూడదని. అడుగుకు చేరేసరికి గంట కొట్టారు. చూడకుండా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. మిగతావాళ్ళలో ఎంతమందివి అలా పెట్టానో తెలియదు. తెలుసుకోవాలంటే భయమేసింది.

ఆయన నోట్సు మూసి బల్లమీద పెట్టి, ఒక ప్రైవేటు స్కూలు పేరు చెప్పి, అక్కడ క్లాసుకు పాతిక మందికి మించి తీసుకోరట అన్నారు. వాళ్ళ కంపెనీ మేనేజర్ గారి పిల్లలు అక్కడే చదువుతున్నారట. ఫీజు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఊ అను చాలు అన్నారు.

నేను ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు.

దాన్ని కూర్చోబెట్టి తీసివేతలు మళ్ళీ చెప్పాను. పది నిమిషాల్లో వచ్చేసింది. క్లాసులో అర్థం కాకపోతే చెయ్యి ఎత్తొచ్చు కదా అన్నాను. ఎత్తానంది. ఎన్నిసార్లు అంటే, నొప్పి పుట్టేదాకా అంది.

జూలై 18, శుక్రవారం

స్టాఫ్ రూమ్‌లో లెక్కల మాస్టారు పక్కన కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడారు. ఈ బడిలో పదకొండు మంది టీచర్లం ఉన్నాం, చదువుకునే ఈడు పిల్లలున్నవాళ్ళు ఏడుగురు, ఆరుగురి పిల్లలు ప్రైవేటులోనే ఉన్నారు, మీరొక్కరే ఉలిపికట్టె అన్నారు. హోటల్లో వంట చేసేవాడు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటాడు, అందులో సిగ్గుపడేదేముంది అన్నారు. ఆయన క్లాసులో యాభై తొమ్మిది మంది. పిల్లలందరినీ పేరు పెట్టి పిలిచే మనిషి ఒకప్పుడు. ఇప్పుడు నంబరుతో పిలుస్తున్నారు.

ఇంట్లో వాగుడుకాయ నోరు తగ్గిపోతోంది. అత్తయ్య గమనించి చెప్పారు. నేను గమనించలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషపడుతున్నాను నేను. రోజంతా ఆ గోలలో ఉండి వచ్చినదాన్ని.

జూలై 26, శనివారం

ప్రైవేటు స్కూలుకు వెళ్ళి వచ్చాం, ముగ్గురం.

చూడటానికే కదా అని వెళ్ళాను. మూడో తరగతి గదిలో ఇరవై నాలుగు కుర్చీలు. ఒక్కో కుర్చీ వెనక ఒక్కో పేరు. వరసల మధ్య మనిషి చేతులు చాపుకుని నడవచ్చు. నేను నడిచాను కూడా, వెనక గోడ దాకా వెళ్ళి, గోడను ముట్టుకుని వచ్చాను. మా ఆయన వింతగా చూశారు.

ప్రిన్సిపాల్ నా ఉద్యోగం అడిగింది. చెప్పాను. ఏ బడి అంది. చెప్పాను. నవ్వి, మీ వాళ్ళ పిల్లలు మా దగ్గర చాలామందే ఉన్నారు అంది. ఎగతాళి చేసినట్టు లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

తర్వాత వాగుడుకాయను అడిగింది, నీకు ఏమంటే ఇష్టం అని. అది తల వంచుకుంది. ఆవిడ ఊరుకుని చూస్తూ కూర్చుంది. నేను అందించబోతే వేలు చూపి ఆపింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక నిమిషం పైనే అయింది. చివరికి అది, పిల్లి నీళ్ళు తాగేటప్పుడు నాలుక ఎలా మడుస్తుందో చెప్పడం మొదలుపెట్టింది. ఇక ఆపలేదు.

ఈ ఏడాది ఏ పిల్ల జవాబు కోసమూ నేను అంతసేపు ఆగలేదు. ఆగితే మిగతా అరవై ఏడు మంది గది పీకి పందిరి వేస్తారు. ఆ కుర్చీల్లో ఒకటి నా కూతురికి కావాలని అప్పుడు ఎంత గట్టిగా అనిపించిందంటే, నా మీద నాకే భయమేసింది.

అప్లికేషన్ ఫారం తెచ్చుకున్నాం.

జూలై 29, మంగళవారం

ఇస్త్రీ బండి దగ్గర చీరలు ఇవ్వడానికి ఆగాను. కళ్ళజోడు పిల్ల వాళ్ళమ్మ పెట్టెలో బొగ్గులు కదుపుతూ చెప్పింది. చుట్టుపక్కలవాళ్ళు పిల్లని ప్రైవేటులో వెయ్యమన్నారట. అప్పో సప్పో చేసి వెయ్యొచ్చునట. కానీ టీచరమ్మ కూతురే చదువుతున్న బడికి వంక ఏముంటుంది, ఆవిడకు తెలియని లోటు నాకు తెలుస్తుందా, అని ధైర్యం చేసి మా బడిలోనే ఉంచిందట. మీ పిల్ల పక్కనే కూర్చుంటోందని చెప్పుకుని మురిసిపోయింది.

ఇంటికి వచ్చి ఫారం సొరుగు అడుగున పడేశాను. వద్దు అని చెప్పాను మా ఆయనకు. నా పిల్లను నేనే తీసేస్తే ఆ వీధిలో నేను ఎలా నడవాలి అన్నాను. నడవడానికి వేరే వీధి ఉంది, పిల్లకు వేరే తల్లి లేదు అన్నారు ఆయన. 

ఆగస్టు 6, బుధవారం, సాయంత్రం 6:40

ఇంటికి వచ్చాం. ఇద్దరం వచ్చాం. ఈ రోజు ఇంతకన్నా రాయలేను.

ఆగస్టు 7, గురువారం, ఉదయం 11:00

సెలవు పెట్టాను. అది నా పక్కన పడుకుని ఉంది. నిద్రపోవడం లేదు, ఊరికే పడుకుంది. నా కొంగు కొస పిడికిట్లో పట్టుకుంది. ఒక చేత్తో రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, లేకపోతే రేపటికి నాకు నేనే ఏదో సర్దిచెప్పుకుంటాను.

నిన్న నాలుగింటికి ఇంటి గంట కొట్టారు. పిల్లలు ఎప్పటిలాగే తోసుకుంటూ పోయారు. నేను స్టాఫ్ రిజిస్టర్‌లో సంతకం పెట్టి, లైబ్రరీ తాళం వేసి, గేటు పక్కన పంపు దగ్గరికి వచ్చాను. రోజూ అది అక్కడే నిలబడుతుంది. లేదు. బాత్‌రూమ్‌కి వెళ్ళిందేమో అనుకున్నాను. పది నిమిషాలు నిలబడ్డాను. బాత్‌రూమ్‌లు చూశాను. క్లాసు గది చూశాను. పదకొండో బెంచీ కింద దాని సంచీ ఉంది.

సంచీ అక్కడే వదిలేసి మళ్ళీ గేటు దగ్గరికి వచ్చాను. గేటు బయట బస్సులు పోతున్నాయి. రోడ్డు అవతల ఎవరో పిల్ల చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు, అది మా పిల్లేనేమో అని రోడ్డు మధ్యదాకా పరిగెత్తాను. కాదు.

వెనక్కి వస్తుంటే కళ్ళజోడు పిల్ల గేటు దగ్గర వాళ్ళమ్మ కోసం ఎదురుచూస్తూ కనబడింది. మా అమ్మాయిని ఎప్పుడు చూశావని అడిగాను. లంచ్ నుంచి రాలేదు మేడమ్ అంది.

లంచ్ నుంచి. ఒంటిగంటన్నర నుంచి. మధ్యాహ్నం మూడు పీరియడ్లు అదే గదిలో నేను పాఠం చెప్పాను.

మరి ఫుల్ అన్నావు కదే అని అరిచాను. నేను పిల్లల మీద అలా ఎప్పుడూ అరవలేదు. ఆ పిల్ల కళ్ళజోడు తీసేసి ఏడ్చింది. బుధవారం దాకా ఫుల్ వచ్చింది, ఇంక రెండు రోజులే, స్టార్ పోతుందని అలా చెప్పానంది. వచ్చేస్తుందిలే అనుకుందట. మిగతా ఇద్దరూ కూడా అలాగే అనుకున్నారట. చోటు ఖాళీ అయింది కదా, ముగ్గురూ కాస్త విశాలంగా జరిగి కూర్చున్నారు. నలుగురి బెంచీ మీద ముగ్గురు జరిగి కూర్చుంటే ముందు నుంచి నిండుగానే కనబడుతుంది. నేను చూసిందీ అదే.

ఎక్కడికి వెళ్ళిందే అంటే, పాత గదిలో ఉంటుందేమో, రోజూ అన్నం అక్కడే తింటుంది అంది. అది రోజూ ఎక్కడ అన్నం తింటుందో నాకు తెలియదు. మేం టీచర్లం స్టాఫ్ రూమ్‌లో తింటాం.

పాత గది అంటే బి సెక్షన్ గది. విరిగిన బెంచీలన్నీ అందులో పడేశాం. తలుపు ఊరికే చేరవేసి ఉంటుంది. కుక్క దూరుతోందని ఆయమ్మ నిన్ననే మధ్యాహ్నం బయట నుంచి గడియ పెట్టింది. లోపలికి చూడలేదు. చూడాలని ఆవిడకు మాత్రం ఎందుకు తోస్తుంది.

గడియ తీశాను. తలుపుకు ఆనుకునే కూర్చుని ఉంది, తలుపుతో పాటు ఇవతలికి ఒరిగింది. గౌను తడిసి ఉంది. ఒళ్ళో టిఫిన్ డబ్బా. నన్ను చూసి ఏడవలేదు. గొంతు లేదు దానికి, పోయింది. గొంతు పోయేదాకా పిలిచింది.

మధ్యాహ్నం, సాయంత్రం కాబోతుండగా

పొద్దున రాసింది చదివాను. ఒకటి వదిలేశాను. కావాలనే వదిలేశాను.

నిన్న ఆయమ్మ ఏడుస్తూ చెప్పింది. రెండున్నర ప్రాంతంలో వరండా ఊడుస్తుంటే మేడమ్, మేడమ్ అని వినిపించిందట. బడి అన్నాక పొద్దస్తమానం ఆ పిలుపే కదా, ఏదో క్లాసులో పిల్ల అనుకుందట. అమ్మా అని అరిచి ఉంటే చీపురు పారేసి పరిగెత్తుకొచ్చేదాన్ని తల్లీ అంది.

రాత్రి దానికి వేడినీళ్ళు పోస్తూ అడిగాను, అమ్మా అని ఎందుకు పిలవలేదు అని. బడిలో పిలవొద్దన్నావుగా అంది. గొంతు లేకుండా, గాలితో అంది.

మేం ఎక్కాలు చెప్పడం దానికి వినిపించిందట. మూడో పీరియడ్‌లో ఏడో ఎక్కం గట్టిగా చెప్పించాను. లోపల అది కూడా మాతో పాటు చెప్పిందట. తప్పు పోలేదు మేడమ్ అంది.

ఆగస్టు 8, శుక్రవారం

బడికి వెళ్ళాను. అది ఇంట్లో నానమ్మ దగ్గర ఉంది.

మొదట హాజరు పట్టీ తెరిచాను. బుధవారం, మధ్యాహ్నం, నలభై ఒకటో నంబరు. పి అని ఉంది. ప్రెజెంట్. అది గడియ పెట్టిన గదిలో ఉన్నప్పుడు నా కూతురికి నేనే హాజరు వేశాను. గుండ్రంగా, అందంగా వేశాను. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

దాన్ని కొట్టేసి ఎ అని రాసి సంతకం పెడతానన్నాను. హెడ్ మేడమ్ వద్దన్నారు. దిద్దితే ఎందుకు దిద్దారని అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెబితే ఆయమ్మ ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత మీదీ నాదీ అన్నారు.  చెడ్డ మనిషి కాదు. నాలుగు ఉత్తరాల నకళ్ళు చూపించారు, టీచర్‌ని వెయ్యండి అని పైకి రాసినవి. ఒక్కదానికీ జవాబు లేదు.

చివరికి ఒక మాట అన్నారు. ఏదో మన అదృష్టం, మీ పిల్ల కాబట్టి సరిపోయింది, ఇంకెవరి పిల్లయినా అయితే ఏమయ్యేది అన్నారు.

అక్కడ నిలబడలేకపోయాను. స్టార్‌లన్నీ గోడ మీద నుంచి పీకేశాను. పేర్లు పిలిచే పద్ధతి మళ్ళీ మొదలుపెట్టాను, తొమ్మిది నిమిషాలైనా సరే, తొంభై నిమిషాలైనా సరే. ప్రతి పేరుకూ తల ఎత్తి మొహం చూశాను. నలభై ఒకటి దాటేసి నలభై రెండు పిలిచాను.

ఆగస్టు 9, శనివారం

అత్తయ్య దిష్టి మాటలేమీ ఎత్తలేదు. జరిగింది రెండోసారి మళ్ళీ చెప్పించుకుని, పదిమందిలో పాము చావదు అంటారు అందుకే అన్నారు. ముగ్గురు పిల్లలు చెప్పొచ్చు, ఆయమ్మ చూడొచ్చు, నువ్వు లెక్కపెట్టొచ్చు, అందరూ ఇంకొకరు చేస్తారులే అనుకున్నారు అన్నారు.

కాస్త గొంతు వచ్చింది దానికి. వచ్చాక మొదట, మంచినీళ్ళు కావాలి మేడమ్ అంది. ఇంట్లో. వంటింట్లో. అత్తయ్య నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయారు.

సొరుగులోంచి ఫారం తీశాను. మా ఆయన పెన్ను మూత తీసి ఇచ్చారు.

ఆగస్టు 11, సోమవారం

టీసీ క్లాసు టీచరే నింపాలి. నింపాను. పుట్టిన తేదీ రాయడానికి రిజిస్టర్ చూశాను, నేను కన్న తేదీని. ప్రవర్తన అన్న చోట మంచిది అని రాశాను. బడి వదలడానికి కారణం అన్న చోట చాలాసేపు ఆగాను. తల్లిదండ్రుల కోరిక అని రాశాను. అందరూ అదే రాస్తారు. తల్లి సంతకం దగ్గర ఒకటి, క్లాసు టీచర్ సంతకం దగ్గర ఒకటి పెట్టాను. రెండూ ఒకేలా ఉన్నాయి, ఉండక ఎలా ఉంటాయి.

పట్టీలో నలభై ఒకటి మీద ఎర్ర గీత కొట్టాను. హెడ్ మేడమ్ స్టాంపు వేశారు. సర్దుకుపోండి అని మాత్రం అనలేదు.

ఆగస్టు 13, బుధవారం

ఇస్త్రీ బండి ఉన్న వీధి కాకుండా చుట్టు తిరిగి వస్తున్నాను మూడు రోజులుగా. ఈ రోజు ఆవిడే ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. చీరలు తెచ్చింది, మడత నలగకుండా రెండు చేతుల మీద పెట్టుకుని.

ముందు క్షమాపణ అడిగింది. తన పిల్ల అబద్ధం చెప్పినందుకు. తప్పు పిల్లది కాదు నాది అన్నాను. ఆవిడ వినలేదు, ఇంట్లో నాలుగు తగిలించానంది. ఎందుకు కొట్టారు, స్టార్ ఆశ పెట్టింది నేను కదా అన్నాను. మాట పూర్తికాకముందే ఏడుపొచ్చింది నాకు.

అప్పుడు నెమ్మదిగా అడిగింది. పాపను తీసేశారట కదా టీచరమ్మా. అవునన్నాను. అయితే మా పిల్లని ఏం చెయ్యమంటారు అంది.

 ఆ స్కూలు పేరు చెప్పొచ్చు. చెబితే ఆవిడ బండి అమ్మైనా సరే కట్టేస్తుంది, మరుసటి ఏడాది ఏం కడుతుంది. ఏమీ కాదు, నేను చూసుకుంటాను అన్నాను. ఇక నుంచి జాగ్రత్తగా చూసుకుంటాను.

ఆవిడ తల ఊపింది. మీ పిల్లనే, అని ఏదో అనబోయి మానేసి, చీరలు నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది.

ఆగస్టు 18, సోమవారం

కొత్త స్కూలు మొదటి రోజు. మూడింటికే వాళ్ళ నాన్న తీసుకొచ్చారట. నేను వచ్చేసరికి వాగుడుకాయ అత్తయ్యను ఊపిరి పీల్చుకోనివ్వడం లేదు. వాళ్ళ టీచర్ దాన్ని పేరు పెట్టి నాలుగుసార్లు పిలిచిందట. కిటికీ పక్కన కుర్చీ ఇచ్చిందట. బాత్‌రూమ్‌కి వెళ్తే తిరిగొచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడిందట. అమ్మా విను, అమ్మా విను అని నా గడ్డం పట్టుకుని తిప్పుతోంది.

అమ్మా అంది. ఎన్నిసార్లు అందో లెక్కపెట్టాను, పిచ్చిదానిలా. పదహారు సార్లు.

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రెండు నెలల తర్వాత మొదటిసారి కడుపు నిండా అన్నం తిన్నాను. తింటుండగానే, మధ్యాహ్నం వెనక బెంచీలో తల వాల్చేసిన పిల్లాడు గుర్తొచ్చాడు. నిద్రా, జ్వరమా, చూద్దామనుకున్నాను. గంట కొట్టారు. మర్చిపోయాను.

ఆగస్టు 20, బుధవారం

మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో హాజరు పట్టీ మూసి పక్కన పెట్టాను. తెల్లకాగితం తీసుకుని, కళ్ళు మూసుకుని ఒక్కో బెంచీ తలచుకుంటూ, నా క్లాసు పిల్లల పేర్లు చూడకుండా రాయడం మొదలుపెట్టాను. అరవై ఏడు రావాలి.

యాభై మూడు వచ్చాయి.

గంట కొట్టేదాకా కూర్చున్నాను. ఇంకొక్కటి కూడా రాలేదు.

ఆ పద్నాలుగు మందికీ అమ్మలున్నారు.